తుమ్మెద నాదము: భ్రామరీ ప్రాణాయామ చరిత్ర



ఏటేట జూన్ 21వ తేదీన మన బడులలో పిల్లలు బారులుగా కూర్చుండి, బొటనవ్రేళ్లతో చెవులు మూసికొని, తుమ్మెద రొదవంటి ధ్వని చేయుట మీరు చూచియుందురు. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న చేసిన తీర్మానము ననుసరించి, 2015 మొదలుకొని ఆ దినము అంతర్జాతీయ యోగ దినముగా జరుగుచున్నది. 2025లో దేశమున కంతటికిని ముఖ్యమైన ఉత్సవము మన విశాఖపట్టణపు సముద్రతీరముననే జరిగినది. ఆనాడు చేయవలసిన సాధనలకు భారత ప్రభుత్వము ఏర్పరచిన క్రమములో ఈ తుమ్మెద ధ్వనియు నొకటి. దాని పేరు భ్రామరీ ప్రాణాయామము.

పిల్లలు ఇంటికి వచ్చి, "తాతా, ఇది వేదకాలము నాటిదట, నిజమేనా?" యని అడుగుదురు. ఔనని తలయూచుట సులభము. ఇది నిన్న మొన్నటి వింతయని త్రోసివేయుటయు సులభమే. రెండును విచారణ లేని మాటలే యగును. పెద్దవారి మాట పిల్లల మనస్సులో నూరేండ్లు నిలుచును గాన, ఆ ప్రశ్నకు గ్రంథములు చెప్పు సమాధాన మేమో నేడు మీకు మనవి చేయదలచితిని.

మొదట ఈ పేరు సంగతి చూతము. భ్రమరమనగా తుమ్మెద, తుమ్మెదకు సంబంధించినది భ్రామరి. ఈ పేరుగల ప్రాణాయామమును చక్కగా వివరించిన ప్రసిద్ధ గ్రంథము హఠయోగ ప్రదీపిక. దానిని రచించినవాడు స్వాత్మారామ యోగీంద్రుడు. ఆయన కాలము క్రీస్తుశకము 15వ శతాబ్దియని చరిత్రకారులు నిర్ణయించినారు. మన శ్రీనాథుడును పోతనయు జీవించిన శతాబ్ది యదియే యని జ్ఞాపక ముంచుకొనవచ్చును. స్వాత్మారాముడు రెండవ ఉపదేశమున ఎనిమిది కుంభకములను పేర్కొనెను. అవి సూర్యభేదనము, ఉజ్జాయి, సీత్కారి, శీతలి, భస్త్రిక, భ్రామరి, మూర్ఛ, ప్లావిని యనునవి. భ్రామరి వీనిలో ఆరవది.

దానిని చేయు విధమును ఆయన ఒక్క శ్లోకములో చెప్పి ముగించెను. మగతుమ్మెద రొద వంటి ధ్వనితో వేగముగా గాలిని లోనికి పీల్చవలెను. ఆడుతుమ్మెద రొద వంటి ధ్వనితో మెల్లమెల్లగా విడువవలెను. ఇట్లు అభ్యసించిన యోగుల చిత్తమున చెప్పనలవికాని యానందము పుట్టునని ఫలశ్రుతి. ఇందులో మనము గమనింపవలసినవి రెండు గలవు. ఒకటి, పీల్చునపుడును విడుచునపుడును గూడ ధ్వని చేయవలె ననుట. రెండవది, చెవులు మూయుమని ఆ శ్లోకములో లేకపోవుట.

ఇక రెండవ గ్రంథము ఘేరండ సంహిత. ఇది ఘేరండుడను ముని చండకాపాలి యను శిష్యునకు చేసిన ఉపదేశముగా నున్నది. ఇది సుమారు 1700 ప్రాంతమున పుట్టినదని పండితుల యభిప్రాయము. ఇందును ఎనిమిది కుంభకములే. భ్రామరి యిందును గలదు. కాని విధానము వేరు. అర్ధరాత్రము గడచిన పిమ్మట, జీవజంతువుల చప్పుడు వినరాని చోట కూర్చుండి, చేతులతో చెవులు మూసికొని, గాలిని పూరించి నిలుపవలెను. అప్పుడు కుడిచెవిలో లోపలి నాదము వినవచ్చును. తొలుత కీచురాయి ధ్వని, తరువాత పిల్లనగ్రోవి, ఆ పిమ్మట మేఘగర్జన, ఝర్ఝరము, తుమ్మెద, గంట, కంచు. తుదకు భేరీ మృదంగాదులు. ఆ నాదములో ఒక జ్యోతి, ఆ జ్యోతిలో మనస్సు. ఆ మనస్సు లయించు చోటు విష్ణుపదమని ఘేరండుని వాక్యము.

చూచితిరా భేదము! స్వాత్మారాముని భ్రామరిలో సాధకుడు ధ్వని చేయును, చెవులు మూయడు. ఘేరండుని భ్రామరిలో చెవులు మూయును, కాని తాను ధ్వని చేయుమని లేదు. లోనున్న ధ్వనిని వినవలెను. నేడు మన పిల్లలు చెవులు మూసికొనుచున్నారు, గాలి విడుచునపుడు ధ్వనియు చేయుచున్నారు. అనగా నేటి భ్రామరి రెండు పేటలు కలిపి పేనిన త్రాడు. ఒక పేట ధ్వని చేయుట. రెండవ పేట నాదము వినుట. పిల్లల ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న ఈ రెండు పేటలను విడదీసి, వేనివేని వయస్సు వేరుగా చూడవలసియున్నది.

వినుట యను పేట మిక్కిలి ప్రాచీనమైనది. ఛాందోగ్యోపనిషత్తు, మూడవ యధ్యాయమున ఒక విచిత్రమైన ప్రసంగము కలదు. ద్యులోకమునకు పైన వెలుగు పరంజ్యోతియు, పురుషుని లోపల వెలుగు జ్యోతియు ఒక్కటే యని ఋషి చెప్పుచున్నాడు. లోపల జ్యోతి యున్నదనుటకు నిదర్శన మేమి? శరీరమును తాకినపుడు తెలియు వెచ్చదన మొక నిదర్శనము. చెవులు మూసికొన్నపుడు వినబడు ధ్వని రెండవ నిదర్శనము. అది రథఘోష వలెను, ఎద్దు రంకె వలెను, మండుచున్న అగ్ని వలెను వినబడునట. ఈ యుపనిషత్తు బుద్ధుని కాలమునకు పూర్వపుదని పండితులలో హెచ్చుమంది తలంపు. కనుక చెవులు మూసికొని లోపలి ధ్వనిని వినుట రెండువేల యైదువందల యేండ్లకు తక్కువ కాని సంగతి.

బృహదారణ్యకోపనిషత్తు, అయిదవ యధ్యాయమున ఇదే సంగతి మరియొక రీతిగా నున్నది. మనుష్యుని లోపల వైశ్వానరుడను అగ్ని యున్నాడు. తిన్న యన్నము నతడు పచనము చేయుచున్నాడు. చెవులు మూసికొన్నపుడు వినబడునది ఆ యగ్ని ఘోషయే. పొయ్యిపై ఎసరు మరుగు చప్పుడు వంటిదని మనము ఊహించుకొనవచ్చును. భగవద్గీత పదునైదవ యధ్యాయమున ప్రాణుల దేహమున నుండి నాలుగు విధములైన యన్నమును పచనము చేయువాడని కీర్తింపబడినవాడు ఈ వైశ్వానరుడే. బృహదారణ్యకము ఇంకొక మాటయు చెప్పుచున్నది: మనుష్యుడు దేహమును విడువనున్నపుడు ఈ ఘోష వినబడదట. దీనికి భయపడ నక్కరలేదు. ముసలితనమున బయటి మాటలు సరిగా వినబడకుండుట వేరు, ఇది వేరు. ఆ వాక్యపు తాత్పర్యము నా కిట్లు తోచుచున్నది: ఈ ధ్వని ప్రాణమునకు తోడునీడ, ప్రాణమున్నంత వరకు మనలో మ్రోగుచుండును, మనము వినకున్నను అది మానదు.

మైత్రాయణీయోపనిషత్తు ఈ రెంటికంటె తరువాతిది. దాని యాఱవ ప్రపాఠకమున బొటనవ్రేళ్లతో చెవులు మూసికొనుమని స్పష్టముగా నున్నది. హృదయాకాశమున వినబడు నాదమును అది యేడు విధములుగా పోల్చినది. నది పారుట, చిరుగంట, కంచుపాత్ర, బండిచక్రము, కప్పల బెకబెక, వాన, గాలి కదలని చోట పలికిన మాట. ఈ పోలికలన్నియు మన పొలముగట్ల మీదివే గదా! ఈ శబ్దమును పట్టుకొని శబ్దము లేని పరబ్రహ్మమును చేరవలెనని దాని యుపదేశము. శబ్దము నిచ్చెన వంటిది. ఎక్కిన తరువాత దిగవిడువవలసినది. ఈ యొక్క మాటను మీరు మరువవలదు. చివర దీనితో మనకు పని గలదు.

ఇక ధ్వని చేయుట యను రెండవ పేట. మీలో సంధ్యావందనము చేయువారికి ప్రాణాయామము కొత్త కాదు. కాని యందు నాసికను పట్టి, వ్యాహృతులతోను శిరస్సుతోను గాయత్రిని మనస్సులో జపింతురు; పైకి ధ్వని యుండదు. పతంజలి మహర్షి యోగసూత్రములలోను ప్రాణాయామ లక్షణము చెప్పబడినదే కాని భ్రామరి మొదలగు పేర్లు లేవు. అయితే ఆయన ప్రణవ జపమును విధించెను. ఓంకారమును పలికినవారికి తెలియును: తుది మకారమున పెదవులు మూసికొనగానే ధ్వని ముక్కులోనికి పోయి, తలయంతయు తుమ్మెద రొదవలె మ్రోగును. ప్రణవమును తైలధార వలె తెగకుండ, గంట మ్రోత వలె దీర్ఘముగా పలుకవలెనని యోగోపనిషత్తులు చెప్పుచున్నవి. కంచుగంట ధ్వని సన్నగిలి సన్నగిలి శాంతిలో లయించునట్లు మనస్సు లయింపవలెనట. ఈ ప్రణవ నాదమునకును భ్రామరీ నాదమునకును చుట్టరికము కలదని చెవియే చెప్పుచున్నది. కాని తుమ్మెద పేరుతో, శ్వాసతో కూర్చి, ప్రత్యేకముగ నొక కుంభకముగా చెప్పబడినది హఠయోగ గ్రంథములలోనే. గ్రంథమున కెక్కుటకు ముందు అది గురుశిష్యుల నోట కొంతకాలము నడచియుండవచ్చును. అయినను సాక్ష్యము లేనిచో కాలము చెప్పుట చరిత్ర కాదు.

ఈ హఠయోగమును లోకమున వ్యాపింపజేసినవారిలో ముఖ్యులు నాథ సిద్ధులు: మత్స్యేంద్రనాథుడు, గోరక్షనాథుడు మొదలగువారు. హఠయోగ ప్రదీపిక ఆరంభమున పేర్కొన్న సిద్ధుల వరుసలో వీరితోబాటు అల్లమ ప్రభువు పేరును గలదు. నాథులకును మన దేశమునకును సంబంధము లేకపోలేదు. 15వ శతాబ్దిలో గౌరన కవి నవనాథ చరిత్రమును తెలుగున ద్విపద కావ్యముగా రచించెను. శ్రీశైలమునందలి భిక్షావృత్తి మఠాధిపతి ప్రేరణచే అది వెలసినది. స్వాత్మారాముడు సంస్కృతమున యోగవిధులను చెప్పిన శతాబ్దిలోనే మన భాషలో సిద్ధుల కథలు పాడుకొనుటకు వీలైన ద్విపదలో వచ్చినవన్నమాట.

హఠయోగ ప్రదీపిక నాలుగవ ఉపదేశమున మిక్కిలి విలువైన మాట యొకటి కలదు. తత్త్వమును శాస్త్రముగా తెలిసికొనలేని పామరులకు సైతము అంగీకారమైన ఉపాయముగా గోరక్షనాథుడు నాదోపాసనను చెప్పెనట. ఆదినాథుడు చెప్పిన కోటింబాతిక లయమార్గములలో నాదానుసంధానమే ముఖ్యమైనదని స్వాత్మారాముని మతము. ఆ నాదములను ఆయన మూడు మెట్లుగా చెప్పెను. తొలి మెట్టున సముద్రము, మేఘము, భేరి వంటి పెద్ద ధ్వనులు. నడిమి మెట్టున మద్దెల, శంఖము, గంట. తుది మెట్టున చిరుగజ్జెలు, పిల్లనగ్రోవి, వీణ, తుమ్మెద. పెద్ద చప్పుడు విడిచి సన్ననిదానిని, సన్ననిది విడిచి మరింత సన్ననిదానిని పట్టుకొనుచు మనస్సు నిలుకడ పొందును. పుప్పొడి తేనెను త్రాగుచున్న తుమ్మెద వాసనను లెక్కచేయనట్లు, నాదమున తగుల్కొనిన మనస్సు విషయములను కోరదని ఆయన చెప్పిన యుపమానము. కనుక తుమ్మెద ఇచట రెండు పనులు చేయుచున్నది. సాధకుడు చేయు ధ్వనికి అదియే పోలిక; తుది మెట్టున అతడు వినవలసిన ధ్వనికిని అదియే పోలిక.

సంగీత శాస్త్రజ్ఞులును ఈ రెండు విధములను ఎరుగుదురు. 13వ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీత రత్నాకరమున నాదము ఆహతము, అనాహతము అని రెండు తెరగులుగా చెప్పబడినది. కొట్టినను మీటినను ఊదినను పుట్టునది ఆహతము. అట్టి తాకిడి లేకయే లోపల మ్రోగునది అనాహతము. అనాహతము మునులకు ముక్తి నిచ్చునదే కాని జనులను రంజింపజేయదనియు, ఆహతము రంజింపజేసి సంసారబంధమును గూడ తొలగించుననియు ఆయన తాత్పర్యము. ఈ భాషలో చెప్పవలెనన్న, పిల్లలు చేయు తుమ్మెద రొద ఆహతము. అది ఆగిన పిమ్మట వినదగినది అనాహతము.

శ్రీశైలము మాట వచ్చినది గాన మీ మనస్సున మెదలు సంగతి నొకదానిని విచారింతము. అచటి యమ్మవారు భ్రమరాంబ. ఆలయపు వెనుక గోడకు చెవి ఆనించి తుమ్మెద ఝంకారమును వినుట యాత్రికుల వాడుక. దేవి భ్రమర రూపము ధరించి అరుణాసురుని చంపెదనని చెప్పిన మాట దేవీమాహాత్మ్యము పదునొకండవ యధ్యాయమున గలదు. రెండు కాళ్ల ప్రాణిచేతను, నాలుగు కాళ్ల ప్రాణిచేతను చావులేని వరమును పొందిన యసురుని ఆఱు కాళ్ల తుమ్మెదలు సంహరించిన కథ దేవీభాగవతము దశమ స్కంధమున విరివిగా నున్నది. ఆ దేవికి భ్రామరి యనియే పేరు. పేర్లు కలియుటచే ప్రాణాయామమునకు ఆ తల్లి పేరే పెట్టిరని చెప్పుటకు ఎవరికైనను ఉత్సాహము కలుగును. కాని హఠయోగ ప్రదీపికలోని శ్లోకమున దేవీ ప్రసక్తి లేదు. తుమ్మెద ధ్వనియొక్క పోలిక మాత్రమే కలదు. భక్తి వేరు, చరిత్ర సాక్ష్యము వేరు. భ్రమరాంబ మహిమకు ఈ ముడి యవసరము లేదు. అది లేకున్నను ఆమెకు లోటు లేదు.

ఇక మన కాలమునకు వత్తము. 1924లో కువలయానంద స్వామి బొంబాయి రాజధానిలోని లోనావళాలో కైవల్యధామమును స్థాపించి, యోగక్రియలను యంత్రసాధనములతో పరీక్షించుట కారంభించెను. అంతకు పూర్వమే, 19వ శతాబ్ది చివరి దశకమున, హఠయోగ గ్రంథములకు ఆంగ్లానువాదములు అచ్చయినవి. అట్లు గురువు చెవిలో చెప్పు విద్య అంగడిలో దొరకు పుస్తకమాయెను. 2002లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు వైట్స్‌బర్గ్, లుండ్‌బర్గ్ అనువా రొక విషయమును ప్రకటించిరి. నోరు మూసికొని ముక్కుతో రొద చేయుచు గాలి విడుచునపుడు, ఊరక విడుచునప్పటికంటె సుమారు 15 రెట్లు నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువు ముక్కునుండి వెలువడుచున్నదట. ముఖపు ఎముకలలో ముక్కునకు ఇరుప్రక్కల గాలి గదులు గలవు. రొదచే గాలి కంపించి ఆ గదులలోని వాయువు ముక్కులోనికి వచ్చునని వారి వివరణ. వారు పరీక్షించినది రొదనే కాని యోగమును కాదు. దీనిచే సర్వరోగములు నయమగునని ఆ శాస్త్రజ్ఞులు చెప్పలేదు, మనమును చెప్పరాదు. రొద చేయుచున్నపుడు విడుచు ఊపిరి దీర్ఘమగును, ఊపిరి దీర్ఘమైనపుడు మనస్సు నెమ్మదించును. ఇంత మాత్రము చేసిన ప్రతివానికిని అనుభవమునకు వచ్చుచున్నది.

ప్రాచీనులే ఇందు హెచ్చరిక చేసియున్నారు. సింహమును, ఏనుగును, పులిని మెల్లమెల్లగా మచ్చిక చేసికొనునట్లు వాయువును వశపరచుకొనవలెననియు, తొందరపడినచో సాధకునికే చేటనియు స్వాత్మారాముడు చెప్పెను. తప్పుగా చేసినచో ఎక్కిళ్లు, ఉబ్బసము, దగ్గు, తల, చెవులు, కన్నుల నొప్పులు కలుగునని యాయనయే వ్రాసెను. కనుక చెవిపోటు గలవారు, గుండెజబ్బు గలవారు, గర్భిణులు వైద్యు నడుగక దీనికి పూనుకొనరాదు. ఊపిరిని బలవంతముగా బిగబట్టుట పిల్లలకును వృద్ధులకును తగదు.

ఇప్పుడు పిల్లవాని ప్రశ్నకు సమాధానము సిద్ధమైనది. "నాయనా! చెవులు మూసికొని లోపలి ధ్వనిని వినుట ఉపనిషత్తుల నాటిది. తుమ్మెద వలె ధ్వని చేయు కుంభకము అయిదారు వందల యేండ్ల క్రిందటి యోగ గ్రంథమున నున్నది. రెండును కలిపి మీరు చేయునది ఆ రెండింటి బిడ్డ." ఇట్లు చెప్పుటవలన సంప్రదాయమునకు తక్కువతనము రాదు. కొడుకు వయస్సును తండ్రి వయస్సుగా చెప్పినంత మాత్రమున వంశము గొప్పది కాదు. పిల్లవాడు పెద్దవాడై గ్రంథము విప్పి చూచినపుడు, తాత చెప్పినది నిజమని తెలిసికొన్నచో మిగిలిన మాటలను గూడ నమ్మును. అబద్ధమని తేలినచో సత్యమైన వానిని సైతము త్రోసివేయును. మనకు కలుగు నష్టము అదియే.

దీనికంటెను పెద్ద నష్టము మరియొకటి జరుగుచున్నది. రెండు పేటలలో ధ్వని చేయుట నిలిచినది, వినుట జారిపోవుచున్నది. ఇన్ని మారులని లెక్కపెట్టి రొద చేసి, వెంటనే లేచి పోవుచున్నారు. నిచ్చెన ఎక్కి, మేడలోనికి పోక, మరల దిగివచ్చినట్లున్నది. ఋషులు చెప్పినదియు, గోరక్షుడు చదువురాని వారికై ఉపదేశించినదియు ఆ రెండవ భాగమే. దానికి సంస్కృతము రానక్కరలేదు, ధనము అక్కరలేదు, ఆసనముల నేర్పు అక్కరలేదు. చప్పుడు లేని చోటును, ఓపికయు చాలును. ఆ రెండును నగరములలో కంటె మన పల్లెలలోనే ఇంకను కొంత మిగిలియున్నవి.

కావున పెద్దలారా, ఈ సారి మీ మనుమడు గాని మనుమరాలు గాని మీ యెదుట తుమ్మెద రొద చేసి ముగించినపుడు, "ఇక లేవవచ్చు" నని చెప్పకుడు. "ఇప్పుడు కొంచెముసేపు ఊరక కూర్చుండి, ఏమి వినబడుచున్నదో విని నాకు చెప్పు"మని యడుగుడు. మీరును ప్రక్కన కూర్చుండి వినుడు. ఛాందోగ్య ఋషి విన్న ఘోష మీ యిద్దరిలోను ఒకే తీరున మ్రోగుచున్నది.